గేరు చేతిలో ఉన్న కాలం

1985 ఏప్రిల్ 21. పోర్చుగల్‌లోని ఎస్టోరిల్ ట్రాక్ మీద ఎడతెరిపి లేని వాన. అందరికన్నా ముందు నలుపు, బంగారు రంగుల లోటస్ 97టి నిలబడి ఉంది. అందులో పాతికేళ్ల బ్రెజిల్ కుర్రాడు అయర్టన్ సెన్నా. ఆ జట్టులో అతనికది రెండో రేసు. అప్పటిదాకా ఒక్క ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు.

అతని వీపు వెనకున్న రెనో ఇంజన్ ఒకటిన్నర లీటర్లది. మనం రోజూ నడిపే కార్లలో ఉండేంత పరిమాణమే. టర్బో తగిలించడంతో అదే ఇంజన్ 800 హార్స్‌పవర్ దరిదాపుల్లో శక్తినిచ్చేది. చిక్కేమిటంటే, ఆ శక్తి అడిగిన వెంటనే రాదు. యాక్సిలరేటర్ తొక్కాక క్షణంపాటు ఏమీ జరగదు, ఆ తర్వాత అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. పొడి రోడ్డు మీదే దాన్ని అదుపు చేయడం కష్టం. నీళ్లు పారుతున్న రోడ్డు మీదైతే వెనక చక్రాలు ఊరికే గిర్రున తిరిగిపోతాయి, కారు వెనక భాగం పక్కకి జారి ముందుకొస్తుంది. దాన్ని ఆపడానికి కారులో ఏ పరికరమూ లేదు. డ్రైవర్ కుడి పాదమే ఆపాలి.

ఆ రోజు అలెన్ ప్రోస్ట్ అంతటివాడు కూడా, మలుపులో కాదు, తిన్నటి రోడ్డు మీద నీటి మడుగులో చక్రాలు తేలిపోయి రేసు నుంచి తప్పుకున్నాడు. సెన్నా మాత్రం మొదటి నుంచి చివరిదాకా ముందే ఉన్నాడు. రెండో స్థానంలో వచ్చిన మికేలె అల్బొరెటో నిమిషానికి పైగా వెనకబడ్డాడు. తక్కినవాళ్లంతా కనీసం ఒక ల్యాప్ వెనక.

ఎనిమిదేళ్ల తర్వాత మరో వాన రేసు. 1993 ఏప్రిల్ 11, ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్. సెన్నా ఇప్పుడు మెక్‌లారెన్‌లో ఉన్నాడు. నాలుగో స్థానం నుంచి బయల్దేరి మొదటి మలుపు దగ్గర ఐదో స్థానానికి పడిపోయాడు. అక్కడి నుంచి షూమాకర్‌ని, వెండ్లింగర్‌ని, డేమన్ హిల్‌ని, చివరికి ప్రోస్ట్‌నీ దాటేశాడు. ఆ ల్యాప్ ముగిసేసరికి అతనే మొదటివాడు. రేసింగ్ చరిత్రలో అత్యుత్తమమైన ల్యాప్ ఏదని అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది చెప్పేది ఇదే.

సెన్నా మాత్రం అలా అనుకోలేదు. ఎస్టోరిల్ గెలుపే గొప్పదని అతని తీర్పు. కారణం కూడా చెప్పాడు. డోనింగ్టన్‌లో తన కారుకు ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, ఎస్టోరిల్‌లో లేదు. ట్రాక్షన్ కంట్రోల్ అంటే, వెనక చక్రాలు పట్టు తప్పుతున్నాయని కంప్యూటర్ పసిగట్టి ఇంజన్ శక్తిని తనంతట తానే తగ్గించే ఏర్పాటు. 1985లో కుడి పాదం చేసిన పనిలో కొంత భాగాన్ని 1993లో ఒక పెట్టె చేసింది. ఎస్టోరిల్‌లో తను తప్పే చేయలేదని జనం పొగిడినా అతను ఒప్పుకోలేదు. ఒకచోట నాలుగు చక్రాలూ గడ్డిలోకి వెళ్లిపోయాయనీ, కారు తిరిగి ట్రాక్ మీదకి రావడం అదృష్టమేననీ చెప్పాడు.

పాతకాలపు రేసుల మీద నాకున్న ప్రేమకు మూలం ఆ మాటలోనే ఉంది. తప్పు జరగడానికి వీలున్నచోటే నైపుణ్యం కంటికి కనిపిస్తుంది. డ్రైవర్ పాదం తడబడితే కారు గడ్డిలోకి పోతుందని తెలిసినప్పుడే, తడబడని పాదం విలువ చూసేవాడికి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ వచ్చి డ్రైవర్ల ప్రతిభను తగ్గించాయని నేను అనను. వాళ్ల ప్రతిభను మనకు కనిపించకుండా చేశాయి. అభిమానిగా నా బాధ అదే.

రెండు పాదాలు, మూడు పెడళ్లు

1980ల చివరిదాకా ఫార్ములా వన్ కారులో గేరు మార్చడమంటే ఒళ్లంతా కలిసి చేసే పని. మలుపు దగ్గరపడుతుంది, వేగం తగ్గించాలి, గేరు దించాలి. ఎడమ పాదం క్లచ్ మీద. కుడి పాదం ముందు భాగం బ్రేకును బలంగా తొక్కి పట్టుకునే ఉండాలి. అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి వదలాలి. అలా ఇంజన్ వేగాన్ని చక్రాల వేగంతో కలిపినప్పుడే గేరు మెత్తగా పడుతుంది. కలవకపోతే వెనక చక్రాలు పట్టేసి కారు గిర్రున తిరుగుతుంది. తొందరలో వేయాల్సిన గేరు బదులు ఇంకోటి పడితే ఇంజనే పగిలిపోవచ్చు. ఇదంతా జరుగుతున్నంతసేపూ కుడి చెయ్యి గేరు రాడ్డు మీద ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంలో స్టీరింగ్‌ని పట్టుకున్నది ఎడమ చెయ్యి ఒక్కటే.

ఘాట్ రోడ్డు మీద పాత లారీలు నడిపిన డ్రైవర్లకు ఈ విద్య బాగా తెలుసు. గేర్లు సులువుగా కలవని ఆ బండ్లలో వాళ్లు డబుల్ క్లచ్ కొట్టి, ఇంజన్ మోత విని, సరిగ్గా ఆ క్షణానికి గేరు వేసేవాళ్లు. చెవి చెప్పినట్టు చెయ్యి వినేది. రేసు డ్రైవర్ చేసిందీ అదే, కాకపోతే మొనాకో వీధుల్లో 78 ల్యాపుల పాటు, రెండు వేల సార్లకు పైగా. రేసు అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కేవి.

ఈ విద్య ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే 1957 ఆగస్టు 4న జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ దగ్గరికి వెళ్లాలి. ఒక్కో ల్యాప్ 22 కిలోమీటర్లకు పైనే. అడవుల్లో, కొండల్లో మెలికలు తిరిగే రోడ్డు. అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యువల్ ఫాంజియోకు అప్పటికి 46 ఏళ్లు. సగం ట్యాంకు పెట్రోలుతోనే బయల్దేరి, బరువు తక్కువ కాబట్టి ముందుకు దూసుకెళ్లి, మధ్యలో ఆగి టైర్లు మార్చుకుని, పెట్రోలు నింపుకోవాలన్నది పథకం. ఆగినప్పుడు మెకానిక్‌లు ఆలస్యం చేశారు. అతని మజెరాటి 250ఎఫ్ మళ్లీ రోడ్డెక్కేసరికి ఫెరారీల్లో ఉన్న మైక్ హాథార్న్, పీటర్ కాలిన్స్ ముప్పావు నిమిషం ముందున్నారు.

అక్కడి నుంచి ఫాంజియో ల్యాప్ తర్వాత ల్యాప్ రికార్డు తిరగరాస్తూ పోయాడు. అర్హత పోటీలో అతనే సాధించిన సమయం 9 నిమిషాల 25.6 సెకన్లు. రేసులో అదే రోడ్డును 9 నిమిషాల 17.4 సెకన్లలో చుట్టేశాడు. ఎలాగంటే, చాలా మలుపుల్లో మామూలుగా వేసే గేరు కంటే ఒకటి ఎక్కువే వేసి ఉంచాడు. అలా చేస్తే కారు మరింత వేగంతో మలుపులోకి వెళుతుంది, పట్టు సన్నగిల్లుతుంది, మిగిలినదంతా డ్రైవర్ నిలబెట్టుకోవాలి. చివర్లో ఇద్దరినీ దాటి 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఐదో ప్రపంచ టైటిల్ ఖాయమైంది. అంత సాహసంగా అంతకుముందెప్పుడూ నడపలేదనీ, మళ్లీ నడపాలనీ లేదనీ తర్వాత చెప్పుకున్నాడు. అది అతని ఆఖరి గ్రాండ్ ప్రి విజయం కూడా.

సావొ పాలోలోని ఇంటర్లాగోస్‌లో 1991 మార్చి 24న జరిగింది మరో రకం కథ. సొంత దేశంలో సెన్నా అప్పటిదాకా గెలవలేదు. ఆ రోజు ముందున్నాడు. అయితే గేర్‌బాక్స్ ఒక్కొక్క గేరే పోగొట్టుకుంటూ వచ్చింది. ముందు నాలుగోది, తర్వాత మిగతావి. చివరి ల్యాపుల్లో మిగిలింది ఆరో గేరు ఒక్కటే. నెమ్మదిగా తిరగాల్సిన మలుపుల్లో ఆరో గేరుతో వెళితే ఇంజన్ ఊపిరాడక ఆగిపోవచ్చు. వేగంగా వెళితే కారు రోడ్డు దాటుతుంది. ఇంజన్ బ్రేకింగ్ లేదు, భారమంతా బ్రేకుల మీదే. పైగా వాన మొదలైంది. వెనక రికార్డో పత్రేజీ తరుముకొస్తున్నాడు. మూడు సెకన్లకు కాస్త తక్కువ తేడాతో సెన్నా గీత దాటాడు. భుజాలు, చేతులు పట్టేసి కారులోంచి లేవలేకపోయాడు. పోడియం మీద కప్పు ఎత్తడానికి పడిన అవస్థ ప్రపంచమంతా చూసింది.

ఆ రేసులో అతన్ని వెంటాడి మధ్యలోనే తప్పుకున్న నైజెల్ మాన్సెల్ కారులో ఉన్నది కొత్త తరహా సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అతని రేసును ముగించింది ఆ గేర్‌బాక్సే. ఆ ఏడాది సెన్నా మెక్‌లారెన్, చేత్తో గేరు మార్చే కార్లలో ప్రపంచ టైటిల్ గెలిచిన చివరిదైంది.

ఒకే ఇంజినీరు, రెండు మార్పులు

ఆ సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఫార్ములా వన్‌కు తెచ్చింది జాన్ బర్నార్డ్. 1989లో ఫెరారీ 640 కోసం స్టీరింగ్ వెనక రెండు మీటలు పెట్టాడు. వేలితో లాగితే చాలు, గేరు మారుతుంది. గేరు రాడ్డు తీసేస్తే కాక్‌పిట్ సన్నగా చేయొచ్చన్నది అతని ఆలోచన. మొదట్లో అది తరచూ చెడిపోయేది. బ్రెజిల్‌లో తొలి రేసుకు వచ్చిన మాన్సెల్, ఎలాగూ మధ్యలోనే ఆగిపోతుందని తిరుగు విమానం ముందే బుక్ చేసుకున్నాడు. ఆ రేసు గెలిచాడు.

అదే బర్నార్డ్ 1981లో మెక్‌లారెన్ ఎంపీ4/1కు కార్బన్ ఫైబర్ చట్రం తయారుచేశాడు. ఆ ఏడాది మోంజాలో జాన్ వాట్సన్ కారు రెండు ముక్కలైనా అతను లేచి నడిచి వచ్చాడు. తర్వాత అన్ని జట్లూ కార్బన్ బాట పట్టాయి. పాత రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు మార్పులనూ కలిపేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఒకటి డ్రైవర్ ప్రాణం కాపాడింది. రెండోది డ్రైవర్ పొరపాటును తీసేసింది. ప్రాణాపాయం తగ్గించమని ఎవరు అడిగినా న్యాయమే. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద జాకీ స్టివార్ట్ పెట్రోలులో తడుస్తూ కారులో ఇరుక్కుపోతే, తోటి డ్రైవర్లు అరువు తెచ్చుకున్న పనిముట్టుతో బయటికి లాగాల్సి వచ్చింది. అక్కడ వైద్య సదుపాయమూ సరిగా లేదు. ఆయన అప్పటి నుంచి భద్రత కోసం పోరాడితే పిరికివాడన్న వాళ్లున్నారు. రెండేళ్ల తర్వాత అదే మనిషి మణికట్టు ఎముక చిట్లి ఉండగానే, నూర్‌బుర్గ్‌రింగ్‌లో పొగమంచులో, వానలో నాలుగు నిమిషాల తేడాతో గెలిచాడు. ధైర్యానికి శవాలు సాక్ష్యం చెప్పనక్కర్లేదు.

ఎలక్ట్రానిక్స్ పరాకాష్ఠ 1992 నాటి విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బి. యాక్టివ్ సస్పెన్షన్ దాని ప్రాణం. రోడ్డు ఎలా ఉన్నా కారు ఎత్తును కంప్యూటరే సరిచేసేది. మాన్సెల్ వరసగా మొదటి ఐదు రేసులూ గెలిచాడు, ఆగస్టులోనే టైటిల్ పట్టేశాడు. నిజం చెప్పాలంటే ఆ కారుకూ ఒక విద్య కావాలి. రోడ్డు స్పర్శ స్టీరింగ్‌లోకి సరిగా రాదు, అయినా కారు పట్టు తప్పదని నమ్మి మలుపులోకి దూకాలి. అంతకుముందు ఏడాది మాన్సెల్‌తో సమానంగా నిలిచిన పత్రేజీ ఈ కారులో వెనకబడ్డాడు. చేతికి కబురందితేనే నడపగలిగిన మనిషి అతను. మాన్సెల్ కబురు లేకుండానే నమ్మాడు. ఆ తేడా టీవీలో చూస్తున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?

1994లో యాక్టివ్ సస్పెన్షన్, ట్రాక్షన్ కంట్రోల్, యాంటీ లాక్ బ్రేకులను నిషేధించారు. నిషేధం తర్వాత వచ్చింది అనుమానం. బెనెటన్ జట్టు కారు సాఫ్ట్‌వేర్‌లో రేసు ఆరంభానికి సాయపడే లాంచ్ కంట్రోల్ దాగి ఉన్నట్టు విచారణలో తేలింది. వాడినట్టు మాత్రం ఆధారం దొరకలేదు. కంప్యూటర్ ప్రోగ్రాం లోపల ఏముందో తనిఖీ చేయడం కష్టమని 2001లో స్పెయిన్ రేసు నుంచి ట్రాక్షన్ కంట్రోల్‌ను మళ్లీ అనుమతించారు. 2008లో అందరికీ ఒకే కంట్రోల్ యూనిట్ ఇచ్చాక గానీ అది పోలేదు. అంటే ఇవాళ్టి ఫార్ములా వన్ కారులో ట్రాక్షన్ కంట్రోల్ లేదు, యాంటీ లాక్ బ్రేకులు లేవు. మన ఇంటి కారులో ఉన్నవి అందులో ఉండవు. చాలామంది అభిమానులకే ఈ సంగతి తెలియదు.

అందుకే 2016లో ఇంటర్లాగోస్ వానలో పంతొమ్మిదేళ్ల మాక్స్ వెర్‌స్టాపెన్ చేసింది నాకు అంత ఇష్టం. తిన్నటి రోడ్డు మీద కారు అడ్డం తిరిగిపోతే గోడకు తగలకుండా నిలబెట్టుకున్నాడు. తర్వాత వెనక ఎక్కడో పడిపోయి, ఇంకెవరూ వెళ్లని తడి అంచుల మీద పట్టు వెతుక్కుంటూ, చివరి ల్యాపుల్లో ఒక్కొక్కరినీ దాటి మూడో స్థానానికొచ్చాడు. వాన పడితే చాలు, పాత కాలం వెనక్కొస్తుంది.

మన హైదరాబాద్‌లోనూ ఒక గొప్ప డ్రైవింగ్ చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఇ రేసులో జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో తక్కువ శక్తి మిగిలి ఉండగా, వెనక ఎక్కువ శక్తితో తరుముతున్న నిక్ కాసిడీని ఆపుకుంటూ గెలిచాడు. ఎక్కడ పాదం ఎత్తాలి, ఎక్కడ శక్తిని దాచాలి అన్న లెక్కలో అతను ఆ రోజు మొనగాడు. గ్యాలరీల్లో కూర్చున్న జనానికి కనిపించింది మాత్రం ఒకదాని వెనక ఒకటి వెళుతున్న రెండు కార్లు.

ఈ మధ్య ఫార్ములా వన్ ప్రసారాల్లో డ్రైవర్ పాదాల దగ్గర కెమెరా పెట్టి చూపిస్తున్నారు. బ్రేకు ఎంత నెమ్మదిగా వదులుతున్నాడో, యాక్సిలరేటర్ మీద ఎంత సున్నితంగా వాలుతున్నాడో అందులో తెలుస్తుంది. దాన్ని అప్పుడప్పుడు కొన్ని సెకన్ల పాటు కాకుండా, ల్యాప్ సమయాల్లాగే రేసు పొడవునా తెర మూలన ఉంచాలి. పాత రేసులు చూడని పిల్లలు ఉంటే మొనాకోలో 1990 నాటి సెన్నా కారులోంచి తీసిన వీడియో చూపించండి. స్టీరింగ్ మీద ఒకే చెయ్యి ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టమనండి.