కిటికీ మారినా రాత ఎక్కడికీ పోదు

మన విభాగంలో సెమినార్ పత్రాలు టైప్ చేయడానికి చాలామందిమి నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ వాడుతున్నాం. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్లో కూడా చకచకా తెరుచుకుంటుంది, యూనికోడ్ తెలుగుతో ఇబ్బంది పెట్టదు. డాన్ హో అనే ప్రోగ్రామర్ 2003లో దీన్ని మొదటిసారి విడుదల చేశారు. ప్రధానంగా ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం తయారైంది కాబట్టి మనకు అక్కర్లేని సదుపాయాలు ఇందులో బోలెడున్నాయి. పొరపాటున ఒక్క మీట తగిలితే చాలు, విండో రూపమే మారిపోతుంది. దానివల్ల నష్టమేమీ లేదు. నష్టమంతా ఆ తర్వాత మనం కంగారులో చేసే పనులవల్లే.

అందుకే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. విండో వేరు, ఫైలు వేరు. కిటికీ రెక్క మూసుకుపోయినంత మాత్రాన గదిలో సామాను ఎక్కడికీ పోదు కదా! విండో వింతగా ప్రవర్తిస్తే మొదట కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కి రాసింది భద్రం చేసుకోండి. ఏదైనా చెరిపేశామని అనుమానం ఉంటే మాత్రం దానికంటే ముందు కంట్రోల్, జెడ్ నొక్కాలి. ఆ తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కోవచ్చు. తరచుగా ఎదురయ్యేవి నాలుగు.

మెనూలన్నీ మాయం

పైనున్న మెనూలు, ట్యాబులు, మూసే గుర్తు ఏవీ కనబడవు. వేరే విండో తెరిచినా ఇది దానిమీదే కూర్చుని కదలదు. ఎఫ్ 12 మీట తగిలిందన్నమాట. దీన్ని పోస్ట్-ఇట్ పద్ధతి అంటారు. మనం పుస్తకంలో అంటించుకునే పసుపు చీటీలాగా విండో అన్నిటికన్నా పైన అతుక్కుపోతుంది. మళ్లీ ఎఫ్ 12 నొక్కితే మామూలైపోతుంది. తెరంతా నిండిపోయి కింద టాస్క్‌బార్ కూడా కనబడకపోతే అది ఎఫ్ 11 పని. దానికీ అదే మందు, ఇంకోసారి నొక్కడమే. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఈ మీటలతో పాటు ఎఫ్ఎన్ అనే మీట కూడా పట్టుకోవాలి.

ఒకే పాఠం రెండు చోట్ల

నాలుగింటిలో జాగ్రత్త పడాల్సింది ఇదే. ట్యాబును మౌస్‌తో పట్టుకుని రాత మీదికి లాగి వదిలితే ఒక చిన్న మెనూ వస్తుంది. అందులో క్లోన్ అన్న మాటమీద నొక్కితే విండో రెండుగా చీలి, రెండు భాగాల్లోనూ మన వ్యాసమే కనబడుతుంది. చూడ్డానికి రెండు ప్రతులు ఉన్నట్టే ఉంటుంది, కానీ ఉన్నది ఒక్కటే ఫైలు. అద్దంలో చూసుకున్నట్టు అన్నమాట. ఒకటి అదనం కదా అని అందులోని రాతంతా చెరిపేశారో, రెండోదీ ఖాళీ అయిపోతుంది! చెరపకండి. అదనంగా కనబడుతున్న ట్యాబును మూసేస్తే చాలు. అప్పటికే చెరిపేసి ఉంటే, ఫైలు మూయకుండా కంట్రోల్, జెడ్ నొక్కండి, తిరిగొస్తుంది.

పేరా అంతా ఒకే గీత

రాసిన పేరా తెర కుడి అంచు దాటిపోయి మొదటి నాలుగు మాటలే కనబడుతున్నాయా? రాత తెగిపోలేదు, పక్కకి సాగిందంతే. వ్యూ మెనూలో వర్డ్ వ్రాప్ అన్నదాన్ని నొక్కండి, వాక్యాలు విండో వెడల్పుకి సర్దుకుంటాయి. అంతేగానీ ప్రతి వరుస చివరా ఎంటర్ కొట్టుకుంటూ పోకండి. తర్వాత దాన్ని వేరేచోట పేజీగా అమర్చేటప్పుడు ఆ ఎంటర్లన్నీ ఏరి తీయాల్సి వస్తుంది.

తెరిచాం, కానీ కనబడదు

కింద టాస్క్‌బార్‌లో గుర్తు ఉంటుంది, విండో మాత్రం ఎక్కడా ఉండదు. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్‌ని రెండో తెరగా పెట్టుకుని, తీగ తీసేశాక ఇలా జరగొచ్చు. విండో తన పాత చోటునే గుర్తుపెట్టుకుని, ఇప్పుడు లేని తెరమీద తెరుచుకుంటుంది. ముందు కీబోర్డును తెలుగునుంచి ఇంగ్లీషుకి మార్చండి. టాస్క్‌బార్‌లో గుర్తుమీద నొక్కి విండోను ఎంచుకోండి. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి వదిలి, ఎం నొక్కండి. ఇప్పుడు ఏదో ఒక బాణం మీట ఒక్కసారి నొక్కి మౌస్ కదిపితే విండో దాని వెంటే వచ్చేస్తుంది. కావలసినచోట క్లిక్ చేసి వదిలేయండి. ఎం పనిచేయకపోతే విండో పూర్తిగా పరుచుకుని ఉందని అర్థం. ఆల్ట్, స్పేస్ తర్వాత ఆర్ నొక్కి, మళ్లీ మొదటినుంచి ప్రయత్నించండి.

ఇంకో మాట. భద్రం చేయని రాతను కూడా ఈ ఎడిటర్ మామూలుగా 7 సెకన్లకోసారి తనంతట తాను దాచుకుంటుంది. మూసి మళ్లీ తెరిస్తే ఆ ట్యాబు అలాగే ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఇది వరమే. ల్యాబ్‌లో మాత్రం ఒకే లాగిన్‌తో చాలామంది కూర్చుంటాం. మీ తర్వాత వచ్చినమ్మాయి "ఇదెవరిదో" అనుకుని ఆ ట్యాబు మూసి, దాచొద్దు అని నొక్కేస్తే మీ వారం రోజుల శ్రమ పోయినట్టే. కాబట్టి ల్యాబ్‌లో టైప్ చేసేవాళ్లు మొదటి పేరా కాగానే ఫైలుకి మీ పేరు పెట్టి దాచుకోండి, లేచేముందు పెన్‌డ్రైవ్‌లోకి ఒక ప్రతి తీసుకోండి.