సీజన్ వీసా వచ్చిందా? గాజులు తీసే ముందు ఒక్క మాట!

"మా బావగారి అబ్బాయికి ఇటలీలో హోటలు పనట. ఆరు నెలలేనట. వీసా ఆ హోటలు వాళ్ళే చూసుకుంటారట. తిండి, గది కూడా ఇస్తారట. ఎనిమిది లక్షలు కడితే చాలట!"

ఈమధ్య పేరంటాల్లోనూ పెళ్ళిపందిళ్ళలోనూ ఈ 'అట'లు బాగా వినిపిస్తున్నాయి. వీటిలో ఎనిమిది లక్షల మాట ఒక్కటి పక్కనపెడితే, మిగిలినవన్నీ నిజం కావడానికి వీలుంది. చిక్కంతా అక్కడే ఉంది. అచ్చంగా అబద్ధమైతే మన ఆడవాళ్ళం ఇట్టే పసిగట్టేస్తాం. నిజంలో కలిపిన అబద్ధం పాలలో కలిపిన నీళ్ళలాంటిది, కాచి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి ఒకసారి కాచి చూద్దాం రండి.

ఇటలీలో సముద్రతీరపు ఊళ్ళు, సరస్సుల ఒడ్డున ఉండే ఊళ్ళు ఈస్టరు పండగ దగ్గర్నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా జనంతో కిటకిటలాడతాయి. రిమినీ, గార్దా సరస్సు, సార్దీనియా దీవి లాంటి చోట్ల ఆ నెలల్లో వచ్చేదే ఏడాది సంపాదన. చలికాలంలో మంచుకొండల మీద ఇంకో సీజను. ఆ రోజుల్లో గిన్నెలు తోమడానికి, కూరలు తరగడానికి, బల్లలు సర్దడానికి, గదులు శుభ్రం చేయడానికి అక్కడి వాళ్ళు సరిపోరు. అందుకని బయటి దేశాల నుంచి ఎంతమందిని రానివ్వాలో అక్కడి ప్రభుత్వం ముందే లెక్క కట్టి ఉత్తర్వు ఇస్తుంది. 2023 నుంచి 2025 వరకు మూడేళ్ళకు కలిపి 4,52,000 మంది అన్నారు. 2026 నుంచి 2028 వరకు దాదాపు 5 లక్షలు. ఇందులో అన్నిరకాల పనులూ ఉన్నాయి, హోటళ్ళ సీజను పని ఒక భాగం మాత్రమే. మనదేశం పేరు ఆ జాబితాలో ఉంది. రాకపోకల విషయమై 2023 నవంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం కూడా చేసుకున్నాయి. కనుక అవకాశం ఉన్నమాట వాస్తవమే.

అయితే ఈ వీసాకు దరఖాస్తు మొదలయ్యేది మన ఇంట్లో కాదు, అక్కడి హోటలులో. పెళ్ళివారు పిలవకుండా మనం పీటల దగ్గరికి వెళ్ళం కదా, ఇదీ అంతే. ఫలానా దేశం నుంచి ఫలానా మనిషి నాకు కావాలి అని యజమాని తన ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. దానికి ఒక రోజు నిర్ణయిస్తారు. 'క్లిక్ డే' అంటారు దాన్ని. ఆ ఉదయం కంప్యూటర్ల ముందు కూర్చున్న వేలమంది ఒక్కసారిగా దరఖాస్తులు పంపుతారు. ఉన్న సంఖ్య నిమిషాల్లో అయిపోవడమూ కద్దు. యజమాని మంచివాడే అయినా, మనవాడికి పనొచ్చినా, అనుమతి వస్తుందని ముందుగా ఎవరూ మాట ఇవ్వలేరు. "వీసా గ్యారంటీ" అనే ఏజెంటు ఆ ఒక్క మాటతోనే దొరికిపోయినట్టు!

అనుమతి వస్తే ఆ కాగితాన్ని 'నుల్లా ఓస్తా' అంటారు. అంటే 'అభ్యంతరం లేదు' అని అర్థం. అది మనవాడి పేరు మీద, పాస్‌పోర్టు నంబరుతో, యజమాని పేరుతో ఉంటుంది. అది చూపించి ఇక్కడ వీసాకు అర్జీ పెట్టుకోవాలి. 2024 చివరలో వచ్చిన చట్టం ప్రకారం, వీసా చేతికిచ్చే ముందు "అవును, ఇతను ఇప్పటికీ నాకు కావాలి" అని యజమాని మరోసారి ఒప్పుకోవాలి కూడా. విమానం దిగాక గడువులోగా ఇద్దరూ ఒప్పందం మీద సంతకాలు చేయాలి, తరవాత నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. ఇదంతా ఎందుకింత కఠినం చేశారంటే, దొంగ దరఖాస్తులు అంత పెరిగాయి మరి. 2024 జూన్‌లో ఇటలీ ప్రధాని మెలోనీ స్వయంగా ఈ సంగతి నేర పరిశోధకుల ముందు పెట్టారు. ఒక్కో దరఖాస్తుకు 15 వేల యూరోల దాకా గుంజుతున్నారని చెప్పారు. అనుమతి చూసుకుని సంబరంగా విమానం దిగాక, అసలా యజమానే కనపడక రోడ్డున పడ్డవాళ్ళు ఎందరో.

ఇక అసలు సంగతికి వద్దాం. డబ్బు! ఇంటి బడ్జెట్ వేసే మీకు లెక్కలు నేను నేర్పక్కర్లేదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలిక కోసం యూరోను వంద రూపాయలనుకోండి. పన్నులు పోను నెలకు 1,100 యూరోలు చేతికొస్తాయనుకుందాం. గదికి 250, బస్సు, ఫోను, సెలవురోజు తిండి కలిపి 150 పోతే 700 మిగులుతాయి. ఆరు నెలలకు 4,200 యూరోలు, అంటే 4,20,000 రూపాయలు. రానూపోనూ విమానం టిక్కెట్లు, వీసా, కాగితాల ఖర్చులు ఓ 80 వేలు తీసేస్తే 3,40,000. ఆరు నెలల చాకిరీకి బాగానే ఉంది కదూ?

ఇప్పుడు ఏజెంటుకిచ్చిన ఎనిమిది లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 24 వేలు వడ్డీ. ఆరు నెలలకు 1,44,000. అసలు, వడ్డీ కలిపి 9,44,000 అప్పు. తెచ్చింది మొత్తం కట్టేసినా ఇంకా ఆరు లక్షల బాకీ! సీజన్ వీసా గరిష్ఠంగా తొమ్మిది నెలలే. మరి ఈ లెక్కతో ఆ కుర్రాడు సెప్టెంబరులో ఇంటికి ఎలా తిరిగొస్తాడు చెప్పండి? రాడు. రాలేడు. కాగితాలు లేకుండా అక్కడే ఎక్కడో దాక్కుని, ఎంతిస్తే అంతకు పనిచేస్తాడు. 2024 జూన్‌లో రోము దగ్గరి లాటీనా ప్రాంతంలో, కాగితాలు లేకుండా పొలంలో పనిచేస్తున్న పంజాబీ యువకుడికి యంత్రంలో చేయి తెగిపోతే, ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. తరవాత ప్రాణం పోయింది. అది హోటలు కాదు పొలమే, కానీ కాగితాలు లేని మనిషి బతుకు ఎక్కడైనా అంతే.

ఇందులో మరో నష్టం కూడా ఉంది. సీజను అయ్యాక బుద్ధిగా తిరిగొచ్చినవాడికి వచ్చే ఐదేళ్ళలో మళ్ళీ వెళ్ళేటప్పుడు ముందువరస దొరుకుతుంది, అది అక్కడి చట్టంలోనే ఉంది. మూడు నెలలు సక్రమంగా పనిచేసి, అక్కడే వేరే ఉద్యోగం దొరికితే అనుమతిని మార్చుకునే దారి కూడా ఉంది. కాగితాలు పోగొట్టుకున్నవాడికి ఈ రెండూ మూతపడ్డట్టే. ఏజెంట్లు మాత్రం ఆ రెండోదాన్ని "వెళ్ళాక పర్మనెంటు అయిపోతుందండీ" అని ముందే అమ్మేస్తారు.

మరి న్యాయంగా ఏజెంటుకు ఎంత ఇవ్వాలి? మన చట్టం ప్రకారం విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు ఒక మనిషి దగ్గర 30 వేల రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. వరకే తీసుకోవచ్చు. జి.ఎస్.టి. 18 శాతం వేసుకున్నా 35,400. రసీదు ఇచ్చి తీరాలి. పైన మనం వేసిన లెక్కలో ఇది తీసేసినా మూడు లక్షలు ఇంటికొస్తాయి. చూశారా, ఆ పిల్లాడు తిరిగి రావడం, రాకపోవడం అన్నది అతని బుద్ధి మీద కంటే మనం ఇక్కడ చేసిన అప్పు మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు అసలు చట్టంలో చోటే లేదు, అతను ఎంత దూరపు చుట్టమైనా సరే. ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు ఉంటాయి. పదో తరగతి చదివే మీ అమ్మాయినడిగినా ఐదు నిమిషాల్లో చూసి చెబుతుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి, ముందు అక్కడ విచారించడం మంచిది.

ఒప్పందం కాగితం వచ్చిందా? చదివించి చూడండి. ఇటలీలో చట్టం పెట్టిన కనీస జీతం అంటూ లేదు. కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందాలను బట్టి జీతాలుంటాయి. అందుకని ఏ ఒప్పందం, అందులో ఏ మెట్టు అన్నది రాసి ఉండాలి. హోటళ్ళ ఒప్పందంలో వారానికి 40 గంటల పని. పన్నెండు నెలల జీతం కాక పదమూడో జీతం, పద్నాలుగో జీతం అని రెండుంటాయి, పనిచేసిన నెలల వంతున అవీ రావాలి. యజమాని గది ఇస్తే అద్దె జీతంలో మూడోవంతు దాటకూడదు, జీతంలోంచి తనంతట తాను కోసుకోనూ కూడదు. ఈ ముక్క చాలామంది మగవాళ్ళకు కూడా తెలియదు!

పని ఎలా ఉంటుందో కూడా అబ్బాయికి ముందే చెప్పండి. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక విడత, మధ్యలో ఖాళీ, మళ్ళీ రాత్రి ఏడు నుంచి పదకొండు దాటేదాకా ఇంకో విడత. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీసి పెట్టని పిల్లాడు అక్కడ రోజంతా గిన్నెలు తోమాలి. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టుకోకుండా ఆ వంటగదిలో నడవదు. శాకాహారుల ఇళ్ళలో ఈ ప్రశ్న టిక్కెట్టు కొన్నాక కాదు, ముందే తేల్చుకోవాలి. నాలుగు ఇటాలియన్ మాటలు నేర్చుకుని వెళ్ళినవాడు త్వరగా గిన్నెల దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి చేరతాడు.

పాస్‌పోర్టు, నుల్లా ఓస్తా, వీసా, ఒప్పందం, ఏజెంటు రసీదు, వీటి జిరాక్సులు రెండు సెట్లు తీయించి ఒకటి మీ బీరువాలో, పట్టుచీరల కింద పెట్టుకోండి. పాస్‌పోర్టు అక్కడ ఎవరికీ అప్పగించవద్దని అబ్బాయికి చెప్పండి. అనుమానం ఉంటే విదేశాంగ శాఖ వారి ఉచిత ఫోను 1800 11 3090. ఇటలీలో ఎవరైనా బెదిరించి చాకిరీ చేయించుకుంటుంటే అక్కడి ఉచిత నంబరు 800 290 290. రెండూ ఒక చీటీ మీద రాసి, పచ్చడి జాడీతోపాటు అతని పెట్టెలో పెట్టండి.