పతకానికి ముందు పెసర మొలక
సింగపూర్‌లో చిన్నపిల్లల సైన్స్ పోటీలు: ఏది ఎప్పుడు, ఎందుకు?

జనవరిలో బడులు తెరిచిన రెండు మూడు వారాలకే సింగపూర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ ప్రశ్న తిరగడం మొదలవుతుంది. ‘‘సైన్స్ ఒలింపియాడ్ కోచింగ్‌కి మీవాణ్ని ఎక్కడ చేర్పించారండీ?’’ అడిగేవాళ్లలో సగం మంది పిల్లలు ప్రైమరీ త్రీ, ఫోర్ చదువుతుంటారు. అంటే తొమ్మిది, పదేళ్లవాళ్లు. ఇక్కడి బడుల్లో సైన్స్ సబ్జెక్టు మొదలయ్యేదే ప్రైమరీ త్రీలో. మొదటి పాఠం పూర్తికాకముందే పోటీ గురించి ఆరా మొదలవుతోందన్నమాట.

ప్రైమరీ ఫోర్ చదివే అమ్మాయికి తల్లిగా నేనూ ఆ గ్రూపుల్లో ఉన్నాను. ఈ రెండేళ్లలో పోటీల గురించి తెలుసుకున్నవి, మా ఇంట్లో చేసి చూసినవి తోటి తల్లిదండ్రులతో పంచుకోవాలనిపించింది.

ఈ తొందర ఎక్కడిది?

సింగపూర్ విద్యాశాఖ కొన్నేళ్లుగా చిన్న తరగతులపై పరీక్షల బరువు తగ్గిస్తూ వస్తోంది. 2019 నుంచి ప్రైమరీ వన్, టూ పిల్లలకు మార్కులు కలిపే పరీక్షలు లేవు. 2023 నాటికి అర్ధ సంవత్సర పరీక్షలను అన్ని తరగతుల్లోనూ ఎత్తేశారు. 2021 నుంచి పీఎస్ఎల్ఈలో పాత టీ-స్కోరు పోయి, అచీవ్‌మెంట్ లెవెల్స్ వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కానీ ర్యాంకులు చూస్తూ పెరిగిన మన తరానికి కొలబద్ద లేకపోతే ఊపిరాడదు. బడి వదిలేసిన కొలబద్ద స్థానంలో చాలా ఇళ్లలో పోటీ పరీక్ష వచ్చి కూర్చుంది.

రెండో కారణం డీఎస్ఏ. డైరెక్ట్ స్కూల్ అడ్మిషన్ పేరుతో 2004లో మొదలైన ఈ పద్ధతిలో, పీఎస్ఎల్ఈ ఫలితాలు రాకముందే పిల్లల ప్రత్యేక ప్రతిభను చూసి సెకండరీ స్కూళ్లు సీటు ఇవ్వొచ్చు. ఆటలు, సంగీతం, నాయకత్వంతో పాటు గణితం, సైన్స్ కూడా అందులో ఉన్నాయి. దాంతో ‘ఫైల్లో ఓ సర్టిఫికెట్ ఉంటే మంచిదే కదా’ అనే లెక్క మొదలైంది. ఈ లెక్కను నేను తప్పు పట్టను. పరాయి దేశంలో పిల్లల చదువు గురించి ఎవరి భయం వాళ్లది. అయితే ఆ సర్టిఫికెట్ కోసం పిల్లల దగ్గర ఏం తీసుకుంటున్నామో ఒకసారి చూసుకోవాలి.

పోటీలు రెండు రకాలు

ఇక్కడ ప్రైమరీ పిల్లలకు అందుబాటులో ఉన్నవాటిని స్థూలంగా రెండు రకాలుగా చూడొచ్చు. కూర్చుని రాసేవి మొదటి రకం. వీటిలో పేరున్నది సింగపూర్ ప్రైమరీ సైన్స్ ఒలింపియాడ్. క్లెమెంటి ప్రాంతంలోని ఎన్‌యూఎస్ హైస్కూల్ దీన్ని నిర్వహిస్తుంది. వడపోతగా రాత పరీక్ష ఉంటుంది. బడి పుస్తకాన్ని దాటి ఆలోచించాల్సిన ప్రశ్నలుంటాయి. సైన్స్ అంటే నిజంగా ఇష్టమున్న ప్రైమరీ ఫైవ్, సిక్స్ పిల్లలకు ఇది మంచి సవాలు. ఇంకాస్త పెద్దయ్యాక, పదిహేనేళ్ల లోపువాళ్లకు ఇంటర్నేషనల్ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ ఉంది. 2004లో జకార్తాలో మొదలైన ఆ పోటీలో ప్రయోగ పరీక్ష కూడా తప్పనిసరి.

చేసి చూసేవి రెండో రకం. వీటికి మన గ్రూపుల్లో పెద్దగా ప్రచారం ఉండదు. జురాంగ్‌లోని సైన్స్ సెంటర్ 1982 నుంచి నడుపుతున్న యంగ్ సైంటిస్ట్ బ్యాడ్జ్ పథకం అలాంటిదే. యంగ్ బోటనిస్ట్, యంగ్ జువాలజిస్ట్, యంగ్ ఆస్ట్రోనమర్ ఇలా ఒక్కో అంశానికి ఒక్కో కార్డు ఉంటుంది. కార్డు మీద చేయాల్సిన పనుల జాబితా ఉంటుంది. ఒక మొక్కను గమనించి రాయడం, ఒక నమూనా తయారు చేయడం, ఒక చోటికి వెళ్లి చూసి రావడం వంటివి. పిల్లలు తమకు నచ్చినవి ఎంచుకుని, కావలసినన్ని పాయింట్లు పూర్తి చేస్తే బ్యాడ్జి వస్తుంది. ఇందులో పక్కవాణ్ని ఓడించాల్సిన పని లేదు. ఇదే కోవలో సోనీ సంస్థ, సైన్స్ సెంటర్ కలిసి ఏళ్ల తరబడి నిర్వహించిన సోనీ క్రియేటివ్ సైన్స్ అవార్డు కూడా ఉంది. ఏదో ఒక సైన్స్ సూత్రం మీద పనిచేసే బొమ్మను పిల్లలే సొంతంగా తయారు చేయడం అందులో పోటీ.

తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఈ రెండో రకమే ముందు రావాలన్నది నా అభిప్రాయం. ఎందుకో మా ఇంటి అల్మరా చెబుతుంది.

చీకట్లో పెరిగిన మొలక

బ్యాడ్జి కార్డు కోసం మా పాప పెసలు నానబెట్టి రెండు గ్లాసుల్లో తడి దూది మీద వేసింది. ఒకటి కిటికీ దగ్గర, ఇంకోటి తలుపు మూసిన అల్మరాలో. రోజూ సాయంత్రం స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాసింది. ఏడో రోజుకు కిటికీ దగ్గరి మొక్క తొమ్మిది సెంటీమీటర్లు. అల్మరాలోది పద్దెనిమిది. అయితే అది పాలిపోయి, పసుపు రంగులో, చిన్న చిన్న ఆకులతో పక్కకు వాలిపోయి ఉంది.

ఆ నెలలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో ట్రయల్ క్లాసుకు తీసుకెళ్లాను. చిత్రం ఏమిటంటే ఆ రోజు పేపర్లో ఇదే ప్రశ్న వచ్చింది. వెలుతురులో ఒక మొలక, చీకట్లో ఒక మొలక పెడితే వారానికి ఏది పొడవుగా ఉంటుంది? పాప ‘చీకట్లోది’ అని రాసింది. తప్పు అని కొట్టేశారు. ‘వెలుతురులోది, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియకు వెలుతురు కావాలి’ అన్నది జవాబు పత్రంలో ఉంది. ఇలాంటి ప్రశ్నలో ఆ కీవర్డ్ రాస్తేనే మార్కు అని టీచరు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప అడిగింది: ‘‘అమ్మా, అయితే మన అల్మరా అబద్ధం చెప్పిందా?’’

అల్మరా అబద్ధం చెప్పలేదు. పెసర గింజ తన రెండు పప్పుల్లో కొన్నాళ్లకు సరిపడా ఆహారం దాచుకుని ఉంటుంది. మట్టి కింద ఉన్నాననుకుని, వెలుతురు దొరికేదాకా ఆ నిల్వనంతా కాడ పొడవు పెంచడానికే ఖర్చు పెడుతుంది. పచ్చదనం, ఆకులు తర్వాతి సంగతి. నిల్వ అయిపోయేలోగా వెలుతురు దొరక్కపోతే మొక్క చచ్చిపోతుంది. కాబట్టి మొక్క బతకడానికి వెలుతురు కావాలన్నది నిజం, మొదటి వారంలో చీకట్లోదే పొడవన్నదీ నిజం. రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. ఇక్కడి మార్కెట్‌లో అమ్మే, లక్సాలోనూ చార్ క్వే టియావ్‌లోనూ వేసే తావ్‌గే ఏమిటి? చీకట్లో పెంచిన పెసర మొలకలే. అందుకే అంత పొడవుగా, తెల్లగా ఉంటాయి.

కోచింగ్ సెంటర్లన్నీ ఇలాగే ఉంటాయని నేననను. ఒలింపియాడ్‌దీ తప్పు లేదు. మంచి పోటీ పిల్లల నుంచి కోరేది ఆలోచననే. కానీ కంటితో చూసినదానికీ కాగితం మీది జవాబుకీ తేడా వచ్చినప్పుడు, చూసినదాన్ని దాచిపెట్టి కాగితాన్ని నమ్మడం తొమ్మిదేళ్లకే అలవాటైతే, ఆ తర్వాత ఎన్ని పతకాలు వచ్చినా ఆ నష్టం పూడదు. పాప చేత ఆ నోటుబుక్కును బడిలో సైన్స్ టీచరుకు చూపించమన్నాను. ఆవిడ క్లాసులో అందరి చేతా అదే ప్రయోగం చేయించారు.

హైదరాబాద్ నీడ, సింగపూర్ నీడ

విదేశంలో ఉండటం సైన్స్‌కు ఓ వరం కూడా. ప్రపంచంలో రెండు చోట్ల మనకు సొంత మనుషులున్నారు. డిసెంబరు సెలవుల్లో ఇండియా వెళ్లని ఏడాది, మా నాన్నగారు హైదరాబాద్ మేడ మీద, మా పాప మా బ్లాకు కింద ఖాళీ స్థలంలో చెరో మీటరు కర్ర నిలబెట్టారు. నడినెత్తిన సూర్యుడు వచ్చే వేళకు నీడ కొలవాలి. డిసెంబరు 21 ప్రాంతంలో ఆ వేళ హైదరాబాద్‌లో సుమారు 12.15, సింగపూర్‌లో ఒంటి గంట దాటి రెండు మూడు నిమిషాలు. ఇక్కడ డిసెంబరంటే వానలు. రెండు రోజులు మబ్బే. ఆ రోజుల్లో సూర్యుడి దారి పెద్దగా మారదు కాబట్టి మూడో రోజు కొలిచినా ఫర్వాలేదు.

‘‘తాతయ్యా, మీ నీడ ఎంతొచ్చింది?’’

‘‘ఎనభై ఆరు, తల్లీ. నీది?’’

‘‘నలభై ఆరే!’’

గ్రాఫ్ కాగితం మీద త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిస్తే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి 41 డిగ్రీలు, సింగపూర్‌లో 25 డిగ్రీలు పక్కకు ఉన్నాడని తేలింది. తేడా 16. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు అనుకుంటే ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ మనకంటే ఉత్తరంగా 1,776 కిలోమీటర్ల దూరంలో ఉంది. అసలు లెక్కకు ఇది చాలా దగ్గర. రెండు వేల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో ఇలాంటి నీడలతోనే భూమి చుట్టుకొలత అంచనా వేశాడని చెబితే పాప కళ్లు విప్పార్చింది. వెంటనే ఓ అనుమానం. ‘‘విమానం 3,300 కిలోమీటర్లు వెళ్తుందని స్క్రీన్ మీద చూశాం కదా?’’ సింగపూర్ హైదరాబాద్‌కు దక్షిణాన మాత్రమే కాదు, తూర్పున కూడా ఉంది. ఆ తూర్పు దూరం నీడలో కనపడదు, రెండు ఊళ్ల మధ్యాహ్నాల తేడాలో కనపడుతుంది. ఆ లెక్క తాతయ్య వచ్చే సెలవులకు దాచిపెట్టారు.

జూన్ సెలవుల్లో చూస్తే ఇంకో విశేషం. సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి ఇక్కడ మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. దీనికి ఫీజు లేదు, పుస్తకం అక్కర్లేదు. ఓ కర్ర, టేపు, అవతల వీడియో కాల్‌లో ఓ పెద్దమనిషి ఉంటే చాలు.

తెలుగుకూ ఇదే దారి

ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు లేదు. మన పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో చదువుతారు. తెలుగు ఇంటికే పరిమితం. ఇంట్లో కూడా ‘అన్నం తిన్నావా, పడుకో’ దగ్గరే ఆగిపోతుంది. ఆ వారం రోజుల్లో మా పాపకు మొలక, కాడ, పప్పుబద్ద, నడినెత్తి, నీడ, కోణం అనే మాటలు వచ్చాయి. నేర్పించాలని కూర్చోబెట్టలేదు. వాళ్ల తాతయ్యకు చెప్పాల్సిన అవసరం కొద్దీ వచ్చాయి.

ఇడ్లీపిండి కూడా మంచి ప్రయోగమే. ఒకే పిండిని మూడు ఒకే రకం గ్లాసుల్లో పోసి, ఒకటి వంటింట్లో, ఒకటి ఏసీ గదిలో, ఒకటి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. తెల్లారి ఏది ఎంత పొంగిందో గీత పెట్టి చూడండి. ఒక్క వేడిని మాత్రమే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడమన్న సూత్రం బడిలో ‘ఫెయిర్ టెస్ట్’ పేరుతో చెబుతారు. పిండి ఎందుకు పులుస్తుందో అమ్మమ్మను అడిగితే ఆవిడ అనుభవం చెబుతుంది. సూక్ష్మజీవులు, అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ సంగతి మనం కలుపుతాం.

మన ఊళ్లలో ఇది కొత్త కాదు. జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక, ఆ పేరుతో జరిగే పోటీలు తెలుగు జిల్లాల్లో ఎంతోమంది పిల్లలకు సైన్స్‌ను చేరువ చేశాయి. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి చెరువునో, బావి నీటినో పరిశీలించి ప్రాజెక్టు చేస్తారు. తమ చుట్టూ ఉన్నదాన్ని చూడమనడమే వాటి మూలం. ఇక్కడ చెరువు లేకపోతే సుంగై బులో చిత్తడి నేలలున్నాయి. ప్రవేశం ఉచితం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు, ఏడాది పొడవునా ఉడుములు కనిపిస్తాయి.

పేరు ఇచ్చే ముందు

పోటీలు వద్దని కాదు. మా పాప ఇష్టపడితే ప్రైమరీ ఫైవ్‌లో ఒలింపియాడ్ రాయిస్తాను. ఈలోగా నేను పాటిస్తున్నవి ఇవి. పోటీకి ముందు బడిలో సైన్స్ టీచరును అడగడం, ఎందుకంటే బ్యాడ్జి కార్డులైనా ఒలింపియాడ్ అయినా సాధారణంగా దారి బడి నుంచే మొదలవుతుంది. కోచింగ్‌లో చేర్చేముందు ఒక క్లాసు చూసి, పిల్లలు అడిగిన ప్రశ్నలెన్నో, కాపీ చేసుకున్న జవాబులెన్నో లెక్క పెట్టుకోవడం. పోటీ అయ్యాక మార్కులకంటే ముందు ‘నీకు బాగా నచ్చిన ప్రశ్న ఏది?’ అని అడగడం. జవాబు చెప్పేటప్పుడు పిల్ల ముఖం వెలిగితే వచ్చే ఏడూ రాయించండి. ‘ఏమో’ అంటే ఒక ఏడాది ఆగినా కొంప మునిగేదేమీ లేదు.

పీఎస్ఎల్ఈ సైన్స్ పేపరు గంటా నలభై ఐదు నిమిషాలు, వంద మార్కులు. దానికి సిద్ధం కావడానికి ఆఖరి రెండేళ్లు ఉన్నాయి. ఒక గింజ ఏం చేస్తుందో చూడాలని వారం రోజులు ఓపిగ్గా కూర్చునే వయసు మాత్రం తొందరగా దాటిపోతుంది. ఈ శనివారం గుప్పెడు పెసలు నానబెట్టండి. ఖర్చు అర డాలరు కూడా కాదు, మిగిలినవి ఆదివారం పెసరట్టుకు పనికొస్తాయి.