మందు ఉచితమే, దారే ఖరీదు

మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడతకు ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, రోగనిరోధక శక్తి స్థాయితో నిమిత్తం లేకుండా మందులు ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది. ఆ స్థితి కొనసాగినంత కాలం లైంగికంగా ఇతరులకు సోకదు. అంటే చికిత్సే నివారణ కూడా. మరి కొత్త ఇన్ఫెక్షన్లు ఎందుకు ఆగడం లేదు?

మాత్ర ఉచితమే కానీ, దాని దాకా చేరడం ఉచితం కాదు. రోజుకూలీ ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో దగ్గరి కేంద్రాన్ని వదిలి పొరుగు జిల్లాకు వెళ్లేవారూ ఉంటారు. వలస కూలీకి ఊరు మారిన ప్రతిసారీ మందుల కొనసాగింపు సమస్యే. ఇలాంటి కారణాలతో మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. దాన్ని రోగి నిర్లక్ష్యంగా రాసుకోవడం తేలిక. అసలు కారణం చాలాసార్లు పేదరికం, వివక్ష.

నివారణలోనూ ఇదే కథ. కండోమ్ వాడాలని తెలిసినంత మాత్రాన సరిపోదు, వాడమని పట్టుబట్టే శక్తి ఉండాలి. భర్త మీదే ఆధారపడిన భార్యకు అది కష్టం. అప్పుల్లో ఉన్న సెక్స్ వర్కర్‌కు విటుణ్ని వదులుకోవడమంటే పూట గడవకపోవడమే.

కోల్‌కతాలోని సోనాగాచి ఈ చిక్కుముడిని గుర్తించింది. 1992లో డాక్టర్ స్మరజిత్ జనా నాయకత్వంలో అక్కడ మొదలైన కార్యక్రమం సెక్స్ వర్కర్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకుంది. 1995లో వారు దర్బార్ మహిళా సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు, ఉష పేరిట సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. పొదుపు, రుణం సొంతంగా అందుబాటులోకి వస్తే అధిక వడ్డీ వ్యాపారుల పట్టు సడలుతుంది. అందరూ కలిసి ఒకే షరతు పెడితే, కండోమ్ వద్దన్న విటుడికి పక్క గది తలుపు కూడా తెరుచుకోదు. ఒంటరిగా చెప్పలేని మాటను సంఘం చెప్పించింది.

చట్టం కూడా ఈ దిశగానే కదిలింది. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు వంటి విషయాల్లో వివక్షను నిషేధించింది. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. బాధితుల ఫిర్యాదులు వినేందుకు రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. అయితే ఫిర్యాదు చేస్తే అందరికీ తెలిసిపోతుందన్న భయం ఉన్నంతకాలం ఈ హక్కు కాగితం మీదే మిగులుతుంది. తన వివరాలు గోప్యంగా ఉంచమని కోర్టును కోరే వీలు ఇదే చట్టంలో ఉందన్న సంగతి ఎంతమందికి చేరిందన్నదే ప్రశ్న.

తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌ఐవీ బాధితులకు సామాజిక పింఛన్ ఇస్తున్నారు. దాన్ని కేవలం దయగా చూడకూడదు. బస్సు చార్జీకి, పౌష్టికాహారానికి పనికొచ్చే ఆ డబ్బు చికిత్సలో భాగమే. నెలల తరబడి మందులు ఒకేసారి ఇవ్వడం, కూలి పోకుండా సాయంత్రం వేళల్లో కేంద్రాలు తెరవడం, వితంతువుకు ఆస్తి హక్కు దక్కేలా న్యాయసహాయం అందించడం కూడా అంతే. అసమానతను తగ్గించే పని ఆరోగ్యశాఖ పరిధిలోది కాదని పక్కన పెడితే, దాని మూల్యం మళ్లీ ఆరోగ్యశాఖే చెల్లించాల్సి వస్తుంది.