ఢిల్లీనుండి సాన్‌ఫ్రాన్సిస్కోకు విమానయానము

రెండు పట్టణముల నడుమ దూరము తెలిసినచో ప్రయాణకాలమును చెప్పుట సులభమని మనము తలంతుము. దూరమును వేగముచే భాగించిన చాలును గదా! రైలుబండికి ఈ లెక్క చాలవరకు సరిపోవును. ఆకాశమార్గమున మాత్రము పలుమారు తప్పును. మన తెలుగువారి బిడ్డలనేకులు విద్యకును ఉద్యోగమునకును కాలిఫోర్నియాకు పోవుచున్నారు గనుక, ఈ సంగతి విద్యార్థులకే గాక తలిదండ్రులకును ఉపయోగించునని తలంచి ఇచ్చట వివరించుచున్నాము.

మొదట దూరము. గోడపటముమీద ఈ రెండు పట్టణములను కలుపుచు బద్దతో గీచిన గీత నిజమైన దగ్గరి త్రోవ కాదు. పటము చదునైనది, భూమి గుండ్రనిది. పాఠశాలలోని గోళముపై ఢిల్లీనుండి సాన్‌ఫ్రాన్సిస్కోవరకు ఒక దారమును బిగించి చూడుడు. అది సైబీరియామీదుగా ఉత్తరధ్రువ ప్రాంతమును సమీపించి పోవును. దాని పొడవు సుమారు 12,370 కిలోమీటర్లు. అయినను విమానములు ఎల్లప్పుడును దారము చూపిన త్రోవను పోజాలవు. మిక్కిలి ఎత్తయిన పర్వతములను తప్పించుకొనవలెను. ఆపద కలిగిన దిగుటకు విమానాశ్రయములు అందుబాటులో నుండవలెను. క్రిందనున్న దేశముల అనుమతియు వలయును.

ఎయిర్ ఇండియా సంస్థవారు 2015వ సంవత్సరమున ఈ పట్టణముల మధ్య ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించిరి. అది తొలుత పడమరగా అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా పసిఫిక్ మహాసముద్రముమీదుగా నడపిరి. ఈ త్రోవ సుమారు 15,300 కిలోమీటర్లు. దూరము పెరిగెను, కాలము తగ్గెను! ప్రయాణము ఇంచుమించు పదునాలుగున్నర గంటలకు దిగెను.

దీనికి కారణము గాలి. విమానములు తిరుగు పది కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశములలో, గాలి పడమరనుండి తూర్పునకు బలముగా వీచును. ఏటికి ఎదురీదువానికిని వాలున ఈదువానికిని గల భేదమే ఇచ్చటను గలదు. లెక్క కొరకు విమానవేగము గంటకు 900 కిలోమీటర్లనుకొందము. ఎదురుగాలి 50 అయినచో 850 మాత్రమే సాగును. 13,900 కిలోమీటర్లకు 16 గంటల 21 నిమిషములు పట్టును. వెనుకగాలి 150 అయినచో 1,050 సాగును. 15,300 కిలోమీటర్లకు 14 గంటల 34 నిమిషములే చాలును.

ఇక గడియారము. శీతకాలమున మన కాలము సాన్‌ఫ్రాన్సిస్కో కాలముకంటె పదుమూడున్నర గంటలు ముందుండును; వేసవిలో పండ్రెండున్నర గంటలు. శీతకాలమున ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి పదునాలుగున్నర గంటలు ప్రయాణించినవాడు అచ్చట అదే తేదీన ఉదయము 5 గంటలకు దిగును. అప్పుడు మన ఇంట సాయంకాలము ఆరున్నర. చీటీపై వ్రాసిన వేళలు ఆయా పట్టణములవి. వానిని చూచి ప్రయాణము ఒక్క గంటయే యనుకొన్న తల్లి, ఉదయము 5 గంటలు మొదలు కబురు రాలేదని పగలంతయు ఊరక కలత చెందును.

కావున ఎంత దూరమని అడుగువారు, ఏ త్రోవన, ఏ గాలితో, ఏ ఊరి గడియారముచేత అనియు అడుగవలెను.