పిల్లి వెళ్ళింది, పిల్లికూతలు వెళ్ళలేదు

ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలోంచి వినిపించే సన్నని ఈల శబ్దాన్ని మనవాళ్ళు పిల్లికూతలు అంటారు. పోలిక కోసం పెట్టిన పేరే అయినా, మా ఇంట్లో ఆ కూతలకు నిజంగానే ఒక పిల్లి కారణమైంది. ఇలాంటి చిక్కు మరికొన్ని ఇళ్ళలోనూ ఉండవచ్చని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది బరంపురం. తాతల నాడే వచ్చి స్థిరపడిన కుటుంబం. పాత ఇల్లు, వెనక బియ్యం బస్తాల గది, దాన్నిండా ఎలుకలు. కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం తడిసి ముద్దయి వచ్చిన పిల్లికూనకు మా అత్తగారే పాలు పోశారు. మా అమ్మాయి దానికి మల్లి అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి ఎలుకలు తగ్గాయి. మల్లి మాత్రం బస్తాల గది వదిలి మా అమ్మాయి పక్క మీదికి చేరింది.

అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున్న లేస్తూనే వరసగా పది తుమ్ములు, కళ్ళు ఎర్రబడి దురద. జలుబే అనుకుని మిరియాల కషాయం పట్టాం. చలికాలం వచ్చేసరికి రాత్రిళ్ళు దగ్గు, ఆ పైన పిల్లికూతలు. అంతా పిల్లి వల్లేనని మా మరిది, మూగజీవం మీద నింద వేయొద్దని అత్తగారు. చివరికి ఛత్రపురంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి మల్లిని పంపేశాం.

నెల గడిచింది. తుమ్ములు తగ్గలేదు. "చూశారా, అన్యాయంగా దాన్ని వెళ్ళగొట్టారు" అన్నారు అత్తగారు. ఎవరూ ఎదురు చెప్పలేకపోయాం. ఆదివారం వెళ్ళి తిరిగి తెచ్చుకుందామనుకున్నాం. ఈలోగా ఒక రాత్రి పిల్లకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రికి పరుగెత్తాం. కాస్త కుదుటపడ్డాక విశాఖపట్నంలో ఎలర్జీ డాక్టరు గారికి చూపించాం.

ఆయన ముంజేతి మీద రకరకాల ద్రవాల చుక్కలు వేసి, ఒక్కో చోట సూదిమొనతో తాకించారు. 15, 20 నిమిషాల్లో రెండు చోట్ల దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఒకటి పిల్లిది, రెండోది పరుపుల్లో ఉండే, కంటికి కనిపించని దుమ్ము పురుగుది. అంటే మరిది మాటా నిజమే, కానీ అది సగం నిజం.

దోషం బొచ్చుది కాదు

పిల్లి వెళ్ళినా తుమ్ములు ఎందుకు పోలేదని అడిగాను. ఆయన చెప్పింది విని ఆశ్చర్యపోయాను. ముఖ్యమైన దోషి బొచ్చు కాదట, పిల్లి చర్మగ్రంథుల్లోనూ లాలాజలంలోనూ ఉండే ఒక ప్రోటీను. దాని పేరు ఫెల్ డి 1. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు పట్టి, ఎండి, సన్నని పొడిగా గాలిలో కలుస్తుంది. గంటల తరబడి తేలుతూ గోడలకు, తెరలకు, పరుపులకు అంటుకుంటుంది. పిల్లి వెళ్ళిపోయాక కూడా ఇంట్లో ఇది బాగా తగ్గడానికి 4 నుంచి 6 నెలలు పట్టవచ్చు. మేము నెలకే తీర్పు చెప్పేశాం!

బట్టలకు అంటుకుని ఇది పిల్లి లేని ఇళ్ళకూ బడులకూ కూడా చేరుతుంది. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టని మన సామెత. పిల్లిని ఇంట్లోనే వదిలి వెళ్ళినా దాని పొడి మన వెంట వస్తూనే ఉంటుందన్నమాట.

ఇంట్లో ఏం చేశాం?

పాత దూది పరుపు తీసేశాం. కొత్త పరుపుకూ తలగడలకూ దుమ్ము పురుగు దూరని గలీబులు తొడిగాం. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో, 60 డిగ్రీల వరకు, నానబెట్టి ఉతికాం. పొడి చీపురుతో ఊడిస్తే పొడి మళ్ళీ పైకి లేస్తుంది కనుక తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాం. గోడలూ కిటికీ తెరలూ కడిగాం. డాక్టరు గారు రాసిన ముక్కు స్ప్రే, ఇన్‌హేలరు ఒక్క పూట మానలేదు. "ఇన్‌హేలరు అలవాటైపోతుందేమో" అన్న మా భయం ఉత్తదేనని ఆయనే చెప్పారు. అయిదో నెలకు పిల్ల రాత్రంతా హాయిగా నిద్రపోయింది.

పిల్లిని వదులుకోలేని వారికి

కొందరికి తుమ్ములు, కళ్ళ దురద తప్ప ఆయాసం ఉండదు. అలాంటివారు డాక్టరుతో మాట్లాడి పిల్లిని ఉంచుకోవచ్చేమో చూడవచ్చు. కానీ దాన్ని పడకగదిలోకి రానివ్వకూడదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, కళ్ళు నులుముకోకూడదు. హెపా ఫిల్టరున్న గాలి శుద్ధి యంత్రం కొంత సాయపడుతుంది. పిల్లికి స్నానం చేయించినా ఆ ఫలితం కొద్ది రోజులే. మగపిల్లికి ఆపరేషను చేయిస్తే ఈ ప్రోటీను తగ్గుతుంది. ఎలర్జీ అసలే కలిగించని జాతి పిల్లి ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఒంటికి అలవాటు చేసే ఇంజెక్షన్ల వైద్యం ఉంది గానీ, దానికి 3 నుంచి 5 ఏళ్ళు పడుతుంది, అందరికీ తగదు.

పరీక్షకు ముందు తుమ్ముల మాత్రలు కొన్నాళ్ళు ఆపాలి. ఎన్నాళ్ళన్నది డాక్టరు చెబుతారు. ఆయాసం మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా కషాయాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మల్లి ఇప్పటికీ ఛత్రపురంలోనే ఉంది. వెళ్ళినప్పుడు అమ్మాయి దాన్ని పెరట్లోనే చూసి, ఇంటికి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటుంది. మొదట్లో చాటుగా ఏడ్చేది. "నా ముక్కు వల్లే కదా నానమ్మా, మల్లి వెళ్ళిపోయింది?" అని ఒక రోజు అడిగింది. మల్లి కోసం మా అందరితో పోట్లాడిన ఆవిడే మనవరాలిని దగ్గరకు తీసుకున్నారు.

"నీ తప్పు కాదు తల్లీ, దాని తప్పూ కాదు. నీ ఒంటికి అది పడలేదు, అంతే. పడనంత మాత్రాన ప్రేమ పోతుందా?"