వీకెండ్‌కి పక్క దేశం ట్రిప్: గేటు లేదంటే రూల్ లేదని కాదు

ఉప్పల్, నాచారం వైపు ఉండే మా జవహర్‌నగర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌లలో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. "అన్నా, నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నా. శని, ఆదివారాలు ఫ్రెండ్స్‌తో కలిసి ప్రాగ్ పోదామనుకుంటున్నాం. వీసా కావాలా?"

ఒక్క మాటలో జవాబు: అక్కర్లేదు. కానీ ఆ ఒక్క మాట విని బ్యాగ్ సర్దుకునేవాళ్ళే ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈ ఎపిసోడ్‌లో మొత్తం పద్ధతి చెప్తా. జర్మనీ వాళ్ళకే కాదు, యూకే, అమెరికాలో చదివేవాళ్ళకి కూడా.

ముందు ఒక పోలిక. ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో గేటు ఉంటుంది. కార్డ్ పెడితేనే తెరుచుకుంటుంది. దిగేటప్పుడు కూడా అంతే. అదే ఎంఎంటీఎస్ ఎక్కితే అలాంటి గేటు ఏదీ ఉండదు, నేరుగా ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్ళిపోవచ్చు. గేటు లేదని టికెట్ వద్దా? కావాలి. టీసీ వచ్చి అడిగిన రోజు తెలుస్తుంది. యూరప్‌లో దేశాల మధ్య బోర్డర్లు చాలావరకు ఎంఎంటీఎస్ లాంటివి. గేటు కనపడదు, రూల్ మాత్రం ఉంటుంది. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క పాయింట్ చుట్టూనే.

షెంగెన్ అంటే ఒక ఊరు

షెంగెన్ వీసా అనే మాట అందరం వింటాం. షెంగెన్ అనేది నిజంగా ఒక చిన్న ఊరి పేరు అని చాలామందికి తెలియదు. లక్సెంబర్గ్ దేశంలో, మోసెల్ నది ఒడ్డున ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ మూడూ కలిసేది అక్కడే. 1985 జూన్ 14న ఆ నదిలో ఒక పడవ మీద ఐదు దేశాలు సంతకాలు చేశాయి: జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. మన మధ్య బోర్డర్ చెకింగ్ తీసేద్దాం అన్నది ఒప్పందం. 1995 మార్చి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అందులో 29 దేశాలు ఉన్నాయి. 2023లో క్రొయేషియా చేరింది, 2025 జనవరి 1 నుంచి బల్గేరియా, రొమేనియా పూర్తిగా వచ్చాయి.

ఇక్కడ కన్‌ఫ్యూజ్ కావద్దు. షెంగెన్, యూరోపియన్ యూనియన్ రెండూ ఒకటి కాదు. స్విట్జర్లాండ్, నార్వే యూనియన్‌లో లేవు, షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. యూకే రెండింట్లోనూ లేదు.

జర్మనీలో ఉన్నవాళ్ళకి తక్కువ ఖర్చు ట్రిప్ కావాలంటే ఆ షెంగెన్ ఊరికే వెళ్ళి రండి. డాయిచ్‌లాండ్ టికెట్ మీ దగ్గర ఉండే ఉంటుంది. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే దాని స్టూడెంట్ వెర్షన్ వస్తుంది. ట్రియర్ నుంచి లోకల్ రైల్లో పెర్ల్ అనే జర్మన్ ఊరికి రండి. అక్కడ దిగి మోసెల్ బ్రిడ్జి నడిచి దాటితే షెంగెన్. అటువైపు లక్సెంబర్గ్ దేశం మొత్తంలో బస్సు, ట్రామ్, సెకండ్ క్లాస్ రైలు ఫ్రీ. 2020 నుంచి అందరికీ ఫ్రీ, టూరిస్టులకి కూడా. మనకి ఉప్పల్ నుంచి యాదగిరిగుట్ట ఎంత దూరమో, ట్రియర్ నుంచి లక్సెంబర్గ్ సిటీ ఇంచుమించు అంతే.

జేబులో ఏముండాలి?

ఇప్పుడు అసలు విషయం. జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కార్డ్ ఉంటే మిగతా షెంగెన్ దేశాలకి వేరే వీసా లేకుండా వెళ్ళొచ్చు. కార్డ్ ఇంకా రాకపోయినా, పాస్‌పోర్ట్‌లో అంటించిన స్టూడెంట్ డి వీసా గడువు మిగిలి ఉంటే దాంతో కూడా వెళ్ళొచ్చు. అయితే కార్డ్ ఒక్కటే చాలదు. కార్డ్, ఒరిజినల్ పాస్‌పోర్ట్ రెండూ దగ్గర ఉండాలి. ఫోన్‌లో ఫొటో పాస్‌పోర్ట్ కాదు.

మా ఏరియా నుంచి వెళ్ళిన ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు, తూర్పు జర్మనీలో చదువుతున్నాడు. నలుగురు కలిసి ప్రాగ్ వెళ్ళారు. శనివారం అంతా బాగానే గడిచింది. పోయేటప్పుడు ఎవరూ ఆపలేదు. ఆదివారం రాత్రి తిరుగు బస్సు. బోర్డర్ దాటగానే పోలీసులు బస్సెక్కి డాక్యుమెంట్స్ అడిగారు. ముగ్గురి దగ్గర అన్నీ ఉన్నాయి. వీడి దగ్గర కార్డ్ ఉంది, పాస్‌పోర్ట్ మాత్రం పోతుందేమోనని భయపడి రూమ్‌లో పెట్టి వచ్చాడు. వీడిని దింపారు, బస్సు వెళ్ళిపోయింది. వివరాలన్నీ చెక్ చేసి వదిలేసరికి దాదాపు మూడు గంటలు. అర్ధరాత్రి, చలి, ఊరు తెలియదు, సోమవారం పొద్దున్నే ల్యాబ్. తర్వాత నాతో ఏమన్నాడంటే, "పోయేటప్పుడు ఎవరూ అడగలేదురా, అందుకే వచ్చేటప్పుడు కూడా అడగరనుకున్నా."

అడుగుతారు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన అన్ని భూ సరిహద్దుల్లో చెకింగ్ పెట్టింది, ఆ తర్వాత పొడిగిస్తూ వచ్చింది. లక్సెంబర్గ్ వైపు కూడా. అంటే ఏ ఊళ్ళో బోర్డర్లు వద్దని సంతకాలు చేశారో, ఆ ఊరి నుంచి బ్రిడ్జి దాటి వస్తున్నా పోలీసులు ఆపొచ్చు. ప్రతి బస్సూ ఆపరు. మీ బస్సు ఆపితే మాత్రం సమాధానం మీ జేబులో ఉండాలి.

మరి పాస్‌పోర్ట్ పోతే? ఆ భయం కరెక్టే. వేరే దేశంలో పోతే ముందు అక్కడి పోలీస్ రిపోర్ట్, తర్వాత ఆ దేశంలోని ఇండియన్ ఎంబసీ. ఎంబసీ అర్జెంటుగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది, జర్మనీలో మీ క్లాస్‌కి వెళ్ళడానికి కాదు. అందుకే పాస్‌పోర్ట్ బ్యాక్‌ప్యాక్ పై జిప్‌లో పెట్టొద్దు. చొక్కా లోపల కట్టుకునే పౌచ్‌లో పెట్టండి. జిరాక్స్ ఒకటి వేరే బ్యాగ్‌లో, ఫొటో ఫోన్‌లో. ఒరిజినల్ పోయినప్పుడు కంప్లైంట్ ఇవ్వడానికి ఆ ఫొటో పనికొస్తుంది. దాని పని అంతవరకే.

90 రోజుల లెక్క

జర్మనీ కార్డ్ మీద మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులు మించకూడదు. దేశానికి 90 కాదు, అన్నీ కలిపి 90. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. జర్మనీలో ఉన్న రోజులు మాత్రం రావు.

భయపడాల్సిన లెక్క కాదు ఇది. 180 రోజుల్లో సుమారు 26 వీకెండ్లు. ప్రతి శని, ఆదివారం తిరిగినా 52 రోజులే. ప్రాబ్లం ఎవరికంటే, సెమిస్టర్ సెలవుల్లో రెండు నెలలు వేరే దేశంలో ఫ్రెండ్ రూమ్‌లో ఉండి, దాని మీద వీకెండ్లు కలుపుకునేవాళ్ళకి. ఇంకో విషయం, ఇది తిరగడానికి ఇచ్చిన పర్మిషన్. అక్కడ పార్ట్‌టైమ్ చేయడానికి కాదు.

కార్డ్ రెన్యూవల్‌లో ఉంటే

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. కార్డ్ గడువు అయిపోయింది, రెన్యూవల్‌కి అప్లై చేశారు, ఫారినర్స్ ఆఫీస్ అపాయింట్‌మెంట్ ఇంకా రాలేదు. "అప్లై చేశా కదా" అని ట్రిప్ వేస్తారు. అప్లై చేసినట్టు వచ్చిన ఈమెయిల్ ప్రయాణ పత్రం కాదు. ఆ ఆఫీస్ ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఇస్తుంది. అందులో కూడా రకాలు ఉన్నాయి. రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81, సబ్‌సెక్షన్ 4 కింద ఇస్తే పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు లెక్క. పాస్‌పోర్ట్, పాత కార్డ్, ఆ కాగితం మూడూ పట్టుకుని ప్రయాణం చేయొచ్చు. సబ్‌సెక్షన్ 3 కింద ఇస్తే జర్మనీలో ఉండొచ్చు, బయటికి పోతే తిరిగి లోపలికి రావడానికి అది చాలదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. టిక్ ఏ గడిలో ఉందో చూసుకోండి. అర్థం కాకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో చూపించి అడగండి. టికెట్ ఆ తర్వాత బుక్ చేయండి.

జ్వరం వస్తే ఎవరు కడతారు?

జర్మనీ పబ్లిక్ ఇన్సూరెన్స్ కార్డ్ వెనక్కి తిప్పండి. అక్కడ ఉన్నది యూరోపియన్ హెల్త్ కార్డ్. ఫ్రాన్స్, చెక్, ఇటలీ లాంటి చోట్ల అత్యవసర వైద్యానికి పనికొస్తుంది. కానీ మనలాంటి యూరప్ బయటి పౌరులకి డెన్మార్క్, నార్వే, స్విట్జర్లాండ్ లాంటి కొన్ని చోట్ల అది చెల్లదు. స్విస్ మంచులో జారిపడి కాలు విరిగితే బిల్లు మీ మీద పడుతుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు వేరే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఎమర్జెన్సీ నంబర్ మాత్రం ఈ దేశాలన్నింటిలో ఒకటే: 112.

యూకేలో ఉన్నవాళ్ళకి

యూకే షెంగెన్‌లో లేదు కాబట్టి మీ స్టూడెంట్ వీసాతో పారిస్ వెళ్ళలేరు. షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలు ఎక్కకముందే ఫ్రెంచ్ పోలీసులు చెక్ చేస్తారు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ దేశాలు ఎంట్రీ, ఎగ్జిట్ కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త సిస్టమ్ మొదలుపెట్టాయి. మీరు ఎన్ని రోజులు ఉన్నారో స్టాంపులు చూసి కాదు, మెషీన్ లెక్కపెడుతుంది.

గేటు లేని బోర్డర్‌కి అసలైన ఉదాహరణ ఐర్లాండ్. బెల్‌ఫాస్ట్ యూకేలో ఉంది, డబ్లిన్ ఐర్లాండ్‌లో ఉంది. మధ్యలో మామూలు హైవే, పాస్‌పోర్ట్ కౌంటర్ ఉండదు. బస్సెక్కితే దించేస్తుంది. కానీ యూకే స్టూడెంట్ వీసా మీద ఉన్న ఇండియన్‌కి ఐర్లాండ్ వీసా వేరుగా కావాలి. ఎవరూ ఆపలేదు కాబట్టి లీగల్ అనుకోవద్దు. ఒకసారి దొరికితే, తర్వాత ఏ వీసా ఫారమ్‌లోనైనా ఆ ప్రశ్నకి జవాబు రాయాల్సి వస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి

నయాగరా. అమెరికా వైపు నుంచి చూసి, "కెనడా వైపు వ్యూ బాగుంటుందట, రెయిన్‌బో బ్రిడ్జి నడిచి వెళ్ళొద్దాం" అంటారు. ఇక్కడ గేటు ఉంది, రెండు వైపులా ఉంది. కెనడా లోపలికి ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా కావాలి. తిరిగి రావడానికి పాస్‌పోర్ట్, ఐ-20 మీద గడువు దాటని ట్రావెల్ సంతకం, ఐ-94 కావాలి. ఎఫ్-1 వీసా స్టాంప్ గడువు అయిపోయినా, కెనడాలో 30 రోజుల లోపే ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకి అప్లై చేయకుండా ఉంటే తిరిగి రావడానికి ఒక సౌకర్యం ఉంది. దాని పేరు ఆటోమేటిక్ రీవాలిడేషన్. అక్కడ వీసాకి అప్లై చేశారో, ఆ సౌకర్యం పోయినట్టే. బయల్దేరే ముందు మీ కాలేజీ డీఎస్‌ఓతో తప్పకుండా మాట్లాడండి.

ఎందుకింత చెప్తున్నా?

జర్మనీ వెళ్ళేవాళ్ళు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపిస్తారు, నెలకి 992 చొప్పున. రూపాయల్లో పది లక్షల పైమాటే. చాలా ఇళ్ళల్లో అది ఎడ్యుకేషన్ లోన్, లేదా ప్లాట్ అమ్మిన డబ్బు. ఇక్కడ అమ్మానాన్నలకి మీరు వారంలో ఒక ఆదివారం తిరగడం ప్రాబ్లం కాదు. తిరగాలి కూడా, ఆ వయసు మళ్ళీ రాదు. మీరు తిరిగి క్లాస్‌లో కూర్చోవాలి, అంతే వాళ్ళ కోరిక.

కాబట్టి ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు "ఎలా వెళ్ళాలి" అని కాకుండా, "తిరిగి వచ్చేటప్పుడు నన్ను లోపలికి రానిచ్చే కాగితం ఏది, అది నా దగ్గర ఉందా" అని మొదలుపెట్టండి. గ్రూప్‌లో నలుగురుంటే నలుగురూ విడివిడిగా చూసుకోవాలి. ఫ్రెండ్ దగ్గర ఉన్నంత మాత్రాన మీ దగ్గర ఉన్నట్టు కాదు. గురువారం సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుని పాస్‌పోర్ట్, కార్డ్ బయటికి తీసి గడువు తేదీలు చదవండి. పది నిమిషాల పని. ఈ రూల్స్ మారుతుంటాయి, అందుకని బుక్ చేసే రోజు ఆ దేశం ఎంబసీ సైట్ ఒకసారి చూడండి. ఎవడో రీల్‌లో చెప్పాడని కాదు, నేను చెప్పానని కూడా కాదు.

మీ బ్యాచ్‌లో ఎవరైనా ఈ శనివారం బ్యాగ్ సర్దుకుంటుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి ఇవాళే పంపండి. హ్యాపీగా వెళ్ళి రండి. ఉంటా మరి.